పేరు చెప్పని బఠాణీ

పెళ్లికి ముందు మా ఆయన నాకు చెప్పిన ఒకే ఒక్క చెడ్డవార్త వాళ్ల అక్క కోపం.

"అక్కకి కోపమొస్తే ఇంట్లో కుక్కరు కూడా ఈల వెయ్యడానికి భయపడుతుంది" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. అప్పట్లో ఆయన ఏమన్నా నవ్వేదాన్ని. ఇప్పుడూ అంతే. పెళ్లయి మూడు నెలలవుతున్నా ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉండటం చూస్తే నాకు పొద్దున్నే పండగలా ఉంటుంది. ఆయన సరుకుల వ్యాను వీధి మలుపు తిరుగుతూ నాకోసమే చిన్న హారను కొడుతుంది. అది వినబడగానే చేతిలో ఏముంటే అది వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెడతాను. "కొత్తపెళ్లికూతురా, పాలు పొంగుతున్నాయి!" అని వదిన కుట్టుమిషను దగ్గర్నుంచి అరుస్తుంది. పాలు నిజంగానే పొంగుతుంటాయి.

మా ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. ఒకటి మాది. రెండోదాంట్లో వదిన, వదిన కుట్టుమిషను, వదిన కూతురు బఠాణీ. గుండ్రంగా, ఎక్కడా నిలవకుండా దొర్లుతూ ఉంటుందని మా ఆయనే ఆ పేరు పెట్టాడు. వదిన భర్త వేరే కాపురం పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి ప్రస్తావన మా ఇంట్లో రాదు.

నేను కాపురానికొచ్చిన రోజు బఠాణీని దగ్గరికి తీసుకుని, "నీ పేరేంటి బంగారం?" అని అడిగాను. పిల్ల నోరు బిగించి తలెత్తి కప్పు వైపు చూసింది. అక్కడ బల్లేమైనా ఉందేమోనని నేనూ చూశాను. ఏమీ లేదు. మళ్లీ అడిగాను. మళ్లీ కప్పు.

వదిన మిషను ఆపి లేచి వచ్చింది. బఠాణీ అరచేతిని నా అరచేతిలో పెట్టి గట్టిగా నొక్కింది. "ఈమె మన మనిషి. చెప్పొచ్చు" అంది.

అంతే, కుళాయి తిప్పినట్టయింది. పేరు, ఇంటిపేరు, ఊడిన పన్ను, ఆ పన్ను దాచుకున్న చోటు, మామయ్య గురక, కింద ఇస్త్రీ అతని పిల్లి ఈనిన సంగతి, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. పెళ్లిలో ఎంతమంది ఏమని ఆశీర్వదించారో నాకు గుర్తులేదు కానీ ఆ 'మన మనిషి' అన్న మాట మాత్రం చాలా రోజులు లోలోపల తీపిగా చప్పరించుకున్నాను.

ఆ రాత్రి మా ఆయన సంగతంతా చెప్పాడు. నిరుడు ఒక మధ్యాహ్నం ఎవడో వచ్చి మెట్ల దగ్గర ఆడుకుంటున్న బఠాణీని పేరడిగాడు. పిల్ల సంబరంగా చెప్పింది. మీ నాన్న పిలుస్తున్నాడన్నాడు. చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. చీకటి పడ్డాక తండ్రి కొనిచ్చిన బెలూనుతో తిరిగొచ్చింది. ఆ మధ్యలో వదిన ఎన్ని వీధులు తిరిగిందో, ఎన్ని మురిక్కాలవల్లోకి తొంగిచూసిందో ఎవరికీ చెప్పలేదు. ఇరుగుపొరుగు అడిగితే, "చుట్టాలింటికి వెళ్లింది" అంది.

పిల్ల తిరిగొచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో గుండీల పరీక్ష మొదలైంది. తెలియనివాళ్లు పేరడిగితే చెప్పకూడదు, ఏమిచ్చినా తీసుకోకూడదు. కింద ఇస్త్రీ అతన్నీ, పాలు పోసే ఆమెనీ, గ్యాసుబండ తెచ్చే కుర్రాడినీ వదిన బతిమాలి మరీ అడిగించేది. బఠాణీ కప్పు వైపు చూస్తే వదిన తన రేకుడబ్బాలోంచి ఒక గుండీ తీసి ఇచ్చేది. గాజుగుండీ, కొమ్ముగుండీ, లంగరు బొమ్మ ఉన్న ఇత్తడిగుండీ. పిల్ల దగ్గర సీసా నిండా ఉన్నాయి. "అత్తా, చూడు" అని రోజూ నా ఒళ్లో కుమ్మరించేది. నేను వాటిని రంగుల వరసలో పేర్చి మురిసిపోయేదాన్ని. ఆ ఆట వెనక ఎంత భయం ఉందో తెలిసి కూడా మురిసిపోయేదాన్ని.

వదిన స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్లో పని చేస్తుంది. పెద్ద వీధి చివర చర్చివాళ్ల బడి ఉంది. ఫీజు మాలాంటివాళ్లు కట్టగలిగేది, చదువు పెద్దబళ్లకి తీసిపోనిది. అందుకే అక్కడ సీటంటే జనం విరగబడతారు. ఆ బడి ఆడపిల్లల నీలం గళ్ల గౌన్లు కుట్టేది వదినే. ఎవరెవరి పిల్లలకో కుట్టీ కుట్టీ, ఈ ఏడు ఎవరూ అడక్కుండానే బఠాణీ కొలతతో ఒకటి కుట్టి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. సీటు ఇంకా రాలేదని ఆయన గుర్తు చేస్తే, "వస్తుంది. రాకపోతే ఆ గౌను నువ్వు తొడుక్కో" అంది.

సీటివ్వాలంటే పిల్లని బడి నడిపే పెద్దసిస్టర్ స్వయంగా మాట్లాడించి చూస్తుంది. వదిన నెల రోజులు తయారుచేసింది. రంగులు, పండ్లు, జంతువులు, చేతులూపుతూ పాడే పాటలు, కుర్చీలో ఎలా కూర్చోవాలి, తుమ్మొస్తే ఏం చెయ్యాలి. రాత్రి నిద్రలో కూడా బఠాణీ "సింహం, ఏనుగు" అని గొణిగేది. అన్నీ నేర్పాం. ఒక్కటి తప్ప.

ఆ రోజు ఆయనకి సెలవు దొరకలేదు. ఇద్దరు పెద్దవాళ్లు రావాలన్నారు కాబట్టి నేను బయల్దేరాను. "డిగ్రీ ఉందిగా, సిస్టరేమైనా ఇంగ్లీషులో అడిగితే నువ్వు చెప్పు. అడక్కపోతే నోరు తెరవకు" అంది వదిన. తను బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే జాకెట్టు వేసుకుంది. చేతులు మణికట్టు దాకా ఉంటాయి, ఒక్కో మణికట్టు దగ్గర రెండేసి తెల్లగుండీలు. తనే కుట్టుకుంది. నాకైతే దారంతా కులాసాగా ఉంది. బఠాణీ చెయ్యి ఒకవైపు నేను, ఒకవైపు వదిన పట్టుకుని ఊపుతుంటే, నాకూ ఒక పిల్ల పుడితే ఇలాగే అనుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

బడి ఆవరణ చిన్నది. ఊడ్చిన నేల, సున్నం వేసిన గోడలు, లోపల గదిలో భుజమ్మీద గొర్రెపిల్లని మోస్తున్న ఏసుక్రీస్తు పటం. వరండాలో బెంచీల నిండా తల్లిదండ్రులు, వాళ్ల ఒళ్లో దువ్వి పౌడరేసిన పిల్లలు. మా వంతు వచ్చేసరికి గుమాస్తా గుమ్మం దగ్గరే చెప్పాడు.

"పెద్దవాళ్లు వెనక బెంచీ మీద కూర్చోవాలి. సిస్టర్ పిల్లతోనే మాట్లాడతారు. మీరు అందించకూడదు. మీరు నోరు తెరిస్తే పరీక్ష అయిపోయినట్టే."

పెద్దసిస్టర్ వయసు మళ్లిన మనిషి. కళ్లజోడు ముక్కు చివర ఉంది. పొద్దుట్నుంచి పిల్లల్ని మాట్లాడించి అలిసిపోయినట్టున్నా, బఠాణీని చూసి మంచిగానే నవ్వింది.

"రామ్మా, కూర్చో. నీ పేరేంటి?"

బఠాణీ కుర్చీలో మేము నేర్పినట్టే కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత తలెత్తి కప్పు వైపు చూసింది.

పక్కనున్న వదిన వైపు చూశాను. వదిన మొహంలో రక్తం లేదు.

"పేరు చెప్పవా? సిగ్గా? పోనీ, ఇదేం రంగు?"

కప్పు.

"ఈ బొమ్మలో ఏముంది? ఏనుగేనా?"

కప్పు. ఏనుగు గురించి నెల రోజులు నిద్రలో కలవరించిన పిల్ల.

పెద్దసిస్టర్ సొరుగులోంచి చాకలెట్టు తీసి చాపింది. బఠాణీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. వెనక నుంచి నాకు ఆ చేతులు కనిపిస్తున్నాయి. వేళ్లు గట్టిగా ముడేసి ఉన్నాయి. పాపం, ఎంత ఆశ పడుతోందో! ఎంత బాగా నెగ్గుతోందో!

నేను ఆగలేక "సిస్టర్, అదీ..." అన్నాను. వదిన నా తొడ మీద గిల్లింది. కళ్లలో నీళ్లు తిరిగేంత గిల్లుడు. పెద్దసిస్టర్ కళ్లజోడు మీదుగా నన్ను చూసింది. నేను నోరు మూసుకున్నాను.

ఇంకా రెండు మూడు ప్రశ్నలు అడిగి ఆమె కలం పక్కన పెట్టింది.

"పిల్ల మాట్లాడటం లేదమ్మా. ఇలాంటి పిల్లల్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. మా దగ్గర అంతమంది టీచర్లు లేరు." తర్వాత, మనసులో అనుకోవాల్సింది పైకి అన్నట్టుగా, "ఇంట్లో ఎవరూ పిల్లతో మాట్లాడరా?" అంది.

వదిన లేచింది. పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిచింది.

వరండా దాటి, కుళాయిల వెనక ఎవరూ లేని చోటికి వెళ్లాక వదిన ఆగింది. పిల్లని గోడకి ఆనించి నిలబెట్టింది. చెయ్యి పైకెత్తింది.

బఠాణీ ఆ చెయ్యి చూడనే లేదు. మొహమంతా వెలిగిపోతూ అరచెయ్యి చాచింది.

"అమ్మా, ఎన్ని గుండీలు? ఆమె చాలాసార్లు అడిగింది! నేను ఒక్కటి కూడా చెప్పలేదు! చాకలెట్టు కూడా తీసుకోలేదు!"

వదిన చెయ్యి గాల్లోనే ఉంది. నేను ఆ చేతిని పట్టుకున్నాను.

"కొట్టకండి వదినా. మీరు నేర్పిందే చేసింది. మనమే మర్చిపోయాం, ఆమెతో మాట్లాడొచ్చని చెప్పడం."

"చెయ్యి వదులు."

"వదలను. పదండి, లోపలికెళ్లి ఉన్న సంగతి చెబుదాం."

"ఏమని? కట్టుకున్నవాడు కన్నకూతుర్ని దొంగలా ఎత్తుకెళ్లించాడని ఊరంతా వింటుండగా చెప్పనా? వరండాలో సగంమంది మా కొట్టుకొచ్చేవాళ్లే. ఇది మా ఇంటి విషయం. నువ్వు మధ్యలో రాకు. నిన్న కాక మొన్న వచ్చావు."

అంతవరకు నాకు జాలే. ఆ మాటతో ఒళ్లు మండింది. నాకు అంత కోపం వస్తుందని నాకే తెలీదు. ఇంట్లో అందరికీ నేను పాలు పొంగించే మురిపాలమనిషిని కదా.

"మొన్న వచ్చినదాన్నే! మన మనిషి అని నా చేతిలో దీని చెయ్యి పెట్టింది ఎవరు? అది దీని జడలు వెయ్యడానికేనా? కష్టమొస్తే మీ ఇల్లు, మా ఇల్లు వేరైపోయాయా?" అన్నాను. "చెప్పకండి. మీ పరువు మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోదాం. ఇంట్లో ఎవరూ ఈ పిల్లతో మాట్లాడరనే ఆమె రాసుకుంటుంది. అదే ఖాయమైపోతుంది. ఇంతకంటే పరువు తక్కువ ఏముంది?"

వదిన నన్ను చూసిన చూపుకి ఆ కుళాయిలు ఎండిపోవాలి. చూడనీ అనుకుని నేనూ చూశాను.

మా మధ్య బఠాణీ అరచెయ్యి ఇంకా చాచే ఉంది. కింది పెదవి మాత్రం వణకడం మొదలుపెట్టింది.

"నేను బాగా చెయ్యలేదా?"

వదిన ఎత్తిన చెయ్యి నా పట్టులోంచి లాక్కుంది. మణికట్టు నోటి దగ్గరికి తెచ్చుకుని, తెల్లగుండీ దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికింది. గుండీని పిల్ల అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"చేశావు. చాలా బాగా చేశావు" అంది. ఆ మంచి మాట కూడా కొట్టినట్టే అంది. వెంటనే పిల్లని చంకనేసుకుని వెనక్కి నడిచింది.

వరసలో ఉన్నవాళ్లు "ఏమ్మా, మీదైపోయిందిగా!" అన్నారు. గుమాస్తా అడ్డం వచ్చాడు. వదిన ఆగలేదు, అతనే తప్పుకున్నాడు. లోపల ఇంకెవరో బాబు నక్కని చూసి కుక్క అంటున్నాడు.

"ఇంట్లో ఎవరూ మాట్లాడరా అని అడిగారు" అంది వదిన, గుమ్మంలోంచే. "మాట్లాడతాం. ఇది పొద్దున లేచింది మొదలు నోరు మూస్తే ఒట్టు. మీకు చెప్పనిది చేతకాక కాదు. తెలియనివాళ్లు పేరడిగితే చెప్పొద్దని నేను నేర్పాను."

"అమ్మా, అరవకండి. ఇది బడి."

"అరవడం కాదు, నా గొంతే ఇంత! ఒకసారి చెప్పింది. చెప్పి, వాడెవడో చెయ్యి పట్టుకుంటే వెళ్లిపోయింది. చీకటి పడేదాకా నేను బతికున్నానో లేదో నాకు తెలీదు. వాడిని పంపింది దీని కన్నతండ్రి. ఇప్పుడు రాసుకోండి, ఏం రాసుకుంటారో!"

వరండాలో ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం వదినకీ వినబడిందని నాకు తెలుసు. మెడ నిటారుగానే ఉంచింది. గుండీ ఊడిన జాకెట్టు అంచు మణికట్టు దగ్గర వేలాడుతోంది.

పెద్దసిస్టర్ కళ్లజోడు తీసింది. "ఇది ముందే చెప్పొచ్చు కదా."

"ఎప్పుడు చెప్పను? నోరు తెరిస్తే అయిపోయినట్టే అన్నారు!"

పెద్దసిస్టర్ గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా నేల వైపు చూశాడు. కుక్కబాబునీ వాళ్ల నాన్ననీ ఆమె కాసేపు బయట కూర్చోమంది.

"సరే. ఇప్పుడు ఈ పిల్ల నాతో మాట్లాడాలంటే ఏం చెయ్యాలి?"

ఏం చెయ్యాలో వదినకి తెలుసు. నాకూ తెలుసు. ఈ లోకంలో వదినకి ఆ క్షణాన అందరికంటే ఎక్కువ ఒళ్లు మండుతున్నది పెద్దసిస్టర్ మీదే. అలాంటి మనిషి చేతిలోనే పిల్ల చెయ్యి పెట్టాలి. ఉత్తుత్తినే పెడితే పిల్ల కనిపెట్టేస్తుంది. తల్లి మొహం చూసే అది ఎవరు మనవాళ్లో తేల్చుకుంటుంది.

వదిన బల్ల దాటి వెళ్లింది. బఠాణీని దింపింది. పిల్ల చేతిని ఆ ముడతలు పడ్డ చేతిలో పెట్టింది. నొక్కలేదు. అలాగే కొంచెంసేపు నిలబడింది. పెద్దసిస్టర్ తొందరపెట్టలేదు, నవ్వలేదు కూడా. చెయ్యి మాత్రం తెరిచే ఉంచింది.

అప్పుడు నొక్కింది.

"ఈమె మన మనిషి." రాయి కొరికినట్టుగా అంది. "చెప్పొచ్చు."

బఠాణీ పెద్దసిస్టర్ని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. అది ఏనుగేనంది. ఏనుగుకి తోక సరిగ్గా వెయ్యలేదంది. మామయ్య గురక పెడతాడంది. అత్తకి పాలు కాచడం రాదంది. నేను నోరెత్తలేదు, బెంచీ మీద నోరెత్తకూడదు కదా. అంతా అయ్యాక ఎదురు అడిగింది.

"మీ పేరేంటి?"

గుమాస్తా గుమ్మంలో గతుక్కుమన్నాడు. ఆ బడిలో ఆమెని అందరూ పెద్దసిస్టర్ అనేవారే. పేరు అడిగిన పిల్ల పుట్టలేదేమో. ఆమె ఒక్క క్షణం కప్పు వైపు చూసింది.

"చెప్పొచ్చు. నేను మన మనిషినే" అంది బఠాణీ.

ఆమె వంగి పిల్ల చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో బఠాణీ ఇంతవరకూ నాకు చెప్పలేదు.

"సోమవారం తీసుకురండి" అంది పెద్దసిస్టర్ వదినతో. "గౌను కొలత..."

"కుట్టేశాను" అంది వదిన. "మరి సాయంత్రాలు? ఎవడో వచ్చి తండ్రి పంపాడంటే మీ గేటువాడు ఇచ్చేస్తాడా?"

"ఈ పిల్లనా?" పెద్దసిస్టర్ నవ్వింది. "దీని నోట మాట రప్పించలేక నేనే ఓడిపోయాను. ఎవరమ్మా తీసుకెళ్లేది?"

"నవ్వే విషయం కాదు."

ఆమె నవ్వు ఆపేసింది. "కాదు" అంది. గేటు దగ్గరుండే ముసలాయన్ని పిలిపించింది. ఈ పిల్లని తల్లికి, మామయ్యకి, అత్తకి తప్ప దేవుడే దిగొచ్చినా అప్పగించొద్దని మా ముందే చెప్పింది. ఆయన తలూపి, బఠాణీ వైపు చెయ్యి చాపాడు. వదిన ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఈయనతో మాటలొద్దు. నమస్తే చాలు" అంది.

బఠాణీ నమస్తే పెట్టింది. వెంటనే కప్పు వైపు చూసింది.

ఇంటిదాకా వదిన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నిన్న కాక మొన్న వచ్చావన్న మాట ముల్లులా ఉంది. తొడ మీద గిల్లిన చోటు కూడా మంట పెడుతూనే ఉంది. మధ్యలో బఠాణీ ఒక్కతే గుండీని ఎండలో పెట్టి చూసుకుంటూ గెంతుతోంది. మెట్లెక్కాక సీసాలో వేసి, "ఇంకా ఇవ్వాలి. ఆమె చాలాసార్లు అడిగిందిగా" అని తల్లితో తగువుకి దిగింది. ఆమె తర్వాత మన మనిషి అయినా అప్పటికి కాదు కదా అని దాని వాదన. వదిన రేకుడబ్బా మొత్తం దాని ముందు బోర్లించింది.

నేను మా గదిలోకి పోయి మంచమ్మీద కూర్చున్నాను. వీధి మలుపులో వ్యాను హారను మోగింది. మొట్టమొదటిసారి నేను లేవలేదు.

వదిన గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో సూది, దారం, ఇంకో తెల్లగుండీ. ఆ సూదులు మా ఆయన్ని కూడా ముట్టుకోనివ్వదు. నేను ఒకసారి తీస్తే, "అది పనిముట్టు, ఆటవస్తువు కాదు" అని లాగేసుకుంది. ఇప్పుడు వాటిని నా ఒళ్లో పడేసి, పక్కన కూర్చుని, గుండీ లేని మణికట్టు నా ముందు చాపింది.

"కుట్టు. కుడిచేతికి నేను కుట్టుకోలేను."

ఎడమచేత్తో కళ్లు మూసుకుని కుట్టగలదు. నాకు తెలుసు. జాకెట్టు విప్పితే అసలు గొడవే లేదు. అది కూడా తెలుసు.

"నాకు రాదు" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

"డిగ్రీలో ఏం నేర్పారమ్మా మరి? దారం అంత పొడుగు తీస్తారా ఎవరైనా? అయ్యో, వేలు పొడుస్తావేంటి! ముందు కింద నుంచి. కింద నుంచి అంటున్నానా!"

ఆయన లోపలికొచ్చేసరికి ఇద్దరం ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నాం. సీటు రాలేదనుకుని బిక్కమొహం వేశాడు.

గుండీ వంకరగా కుదిరింది. వదిన ఆ జాకెట్టు వేసుకున్నప్పుడల్లా నన్ను తిడుతుంది. విప్పి మళ్లీ మాత్రం కుట్టుకోలేదు.